పసుపుపచ్చ సీసా వెనుక మనిషి: కాశీనాథుని నాగేశ్వరరావు

 పిల్లలూ, ఇది మీకోసం కూడా. ఇంట్లో చదవడం రాని పెద్దలుంటే పక్కన కూర్చుని చదివి వినిపించండి.

రాత్రి డ్యూటీ చేసి వచ్చిన నాన్న నుదుటికి రాసుకునే పసుపుపచ్చ మందు మీకు తెలిసే ఉంటుంది. ఆ అమృతాంజనం పుట్టింది మనకు దగ్గర్లోనే, బొంబాయిలో, 1893లో. తయారుచేసింది మన తెలుగాయనే.

కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, బతుకుదెరువు కోసం కలకత్తా కూడా తిరిగి బొంబాయి చేరారు. అక్కడ ఒక కంపెనీలో పనిచేస్తూ వ్యాపారం మెళకువలు నేర్చుకున్నారు. సాంచెలు నడపడానికి భివండి వచ్చిన మీ తాతల కథ కూడా ఇంచుమించు ఇట్లాంటిదే కదా!

కొత్త మందును ఎవరు నమ్ముతారు? ఆయన సంగీత కచేరీలకు వెళ్లి వచ్చినవాళ్లకు ఊరికే పంచారు. వాడి చూడండి, గుణం కనిపిస్తేనే కొనండి అన్నట్టు. సీసా ధర పది అణాలు పెట్టారు. మెల్లగా దేశమంతా అమ్ముడుపోయింది.

ఇక ఆ డబ్బుతో ఏం చేశారో చూడండి. బొంబాయిలోనే ‘ఆంధ్రపత్రిక’ అనే తెలుగు వారపత్రిక మొదలుపెట్టారు. మరాఠీ, గుజరాతీ మాట్లాడే ఊళ్లో తెలుగు పత్రిక! మన బడిలో తెలుగెందుకు సార్ అని అడిగే తల్లిదండ్రులు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి. 1914లో మద్రాసుకు మారి దాన్ని దినపత్రిక చేశారు. 1924లో ‘భారతి’ మాసపత్రిక, 1926లో ఆంధ్ర గ్రంథమాల వచ్చాయి. వీటన్నిటికీ ఆసరా ఆ చిన్న సీసానే. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకూ వెళ్లారు. జనం ఆయన్ని దేశోద్ధారకుడన్నారు.

నాకు మాత్రం ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద ఘట్టం చివర్లో కనిపిస్తుంది. అప్పుడు తెలుగు జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. వేరే ఆంధ్ర రాష్ట్రం కావాలంటే కోస్తా, రాయలసీమ ఒక్కటి కావాలి. కానీ సీమవాళ్లకు భయం. కోస్తాలో డెల్టా నీళ్లున్నాయి, చదువులున్నాయి, 1926లో వచ్చిన విశ్వవిద్యాలయమూ అక్కడే ఉంది. రేపు రాష్ట్రం వచ్చినా తమకేం మిగులుతుందని వాళ్ల అనుమానం. అందులో తప్పేముంది?

1937 నవంబరు 16న మద్రాసు మైలాపూరులో ఆయన ఇల్లు శ్రీబాగ్‌లో ఇరువైపుల పెద్దలూ కూర్చున్నారు. కొండా వెంకటప్పయ్య, భోగరాజు పట్టాభి సీతారామయ్య, కడప కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు వంటివాళ్లు అందులో ఉన్నారు. నాగేశ్వరరావు గారు కోస్తా మనిషే. అయినా ఆయన ఇంట్లో కుదిరిన మాటలు సీమవాళ్ల భయాన్ని తీర్చేట్టు ఉన్నాయి. విశ్వవిద్యాలయానికి అనంతపురంలో ఒక కేంద్రం. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో పదేళ్లపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం, రాయలసీమకే ముందు. రాజధాని, హైకోర్టు రెండు ప్రాంతాల్లో చెరొకటి, ఏది కావాలో కోరుకునే హక్కు సీమది.

మజూరీ మాట్లాడేటప్పుడు మనం ఏం చేస్తాం? బలం ఉన్నవాడు బిగపట్టుకుంటాడు, లేనివాడు తల వంచి లోపల కుములుతాడు. అట్లా కుదిరిన బేరం ఎన్నాళ్లు నిలుస్తుందో మీకే తెలుసు. శ్రీబాగ్‌లో బలమున్న పక్షమే ముందు వదులుకుంది. మాటతో సరిపెట్టుకోకుండా కాగితం మీద రాసి సంతకాలు కూడా పెట్టారు.

ఒప్పందం జరిగి అయిదు నెలలు నిండకముందే, 1938 ఏప్రిల్ 11న, ఆయన కన్నుమూశారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు వెళ్లాయి. నీళ్ల విషయంలో మాత్రం రాయలసీమవాళ్లు ఇప్పటికీ ఆ కాగితం చూపించే అడుగుతున్నారు.