పాట్రిక్ రస్సెల్

విశాఖపట్టణపు తీరమున తెల్లవారుజామున జాలరుల తెప్పలు ఒడ్డు చేరుట రమణీయమైన దృశ్యము. వలలు దులిపినంతనే వెండివలె మెరయు చేపలు ఇసుకపై రాలును. అవి కూరకు పనికివచ్చునా, సంతలో ఎంత ధర పలుకును అని యోచించువారే అధికము. పదునెనిమిదవ శతాబ్దమున ఆ చేపలను వేరొక దృష్టితో చూచిన వైద్యుడొకడు ఆ పట్టణమున నివసించెను. ఆయనయే పాట్రిక్ రస్సెల్.

రస్సెల్ స్కాట్లండు దేశమందలి ఎడింబరో నగరమున జన్మించెను. అచ్చటనే విద్యనభ్యసించి, 1750లో వైద్యపట్టమును పొంది, సిరియా దేశమందలి అలెప్పో నగరమునకు వెళ్లెను. ఆయన సవతి అన్నయగు అలెగ్జాండరు అప్పటికే అచ్చటి ఆంగ్ల వర్తకులకు వైద్యుడుగా నుండెను. అన్న స్వదేశమునకు మరలిన పిదప ఆ బాధ్యత తమ్మునిపై పడెను. 1760 మొదలు 1762 వరకు ఆ నగరమును మహామారి పీడించెను. రస్సెల్ నగరమును విడువక రోగులకు చికిత్స చేయుచు, వ్యాధి లక్షణములను జాగ్రత్తగా వ్రాసి పెట్టుకొనెను. ఆ అనుభవమును పురస్కరించుకొని వ్రాసిన గ్రంథము 1791లో వెలువడెను. కంటితో చూచినదానిని వెంటనే వ్రాసియుంచు అలవాటు ఆయనకు జీవితాంతము తోడైనది.

1781లో ఆయన తమ్ముడు క్లాడ్ ఈస్టిండియా కంపెనీ అధికారిగా విశాఖపట్టణమునకు రాగా, రస్సెల్ కూడ వెంట వచ్చెను. అప్పటికి ఆయనకు ఏబదియేండ్లు దాటినవి. విశ్రాంతి కోరదగిన ఆ వయస్సులో ఆయన క్రొత్త విద్యకు విద్యార్థి ఆయెను. 1785లో ప్రకృతి శాస్త్రజ్ఞుడగు కోనిగ్ మరణింపగా, కంపెనీవారు ఆ పదవిని రస్సెల్‌కు ఇచ్చిరి.

ఆ కాలమున ప్రజలకు పాముకాటు గొప్ప భయము. ఏది విషసర్పమో, ఏది కాదో తెలియక నిర్విషములగు పాములను కూడ చంపుచుండిరి. విషసర్పము కరచినను, దానిని సాధారణ సర్పమని యుపేక్షించినచో ప్రాణమే పోవును. రస్సెల్ పాములను సేకరించి, వాటి కోరలను పరిశీలించి, విషము గలవానిని లేనివానిని వేరుపరచుటకు పూనుకొనెను. కోళ్లను, కుక్కలను కరిపించి విషము పనిచేయు తీరును గమనించెను. జనులు నమ్ముచుండిన విషహర ఔషధములను సైతము పరీక్షకు పెట్టెను. ఆయన సర్పగ్రంథము 1796లో ప్రకటితమయ్యెను. మనము రక్తపింజర యని పిలుచు సర్పమును ఆయన కాటుకరేకుల పొడ యను తెలుగు పేరుతో వర్ణించెను. ఆ సర్పమునకు శాస్త్రజ్ఞులు తరువాత రస్సెల్ పేరునే పెట్టిరి. బంగారు పాము అను మన మాటనుండియే కట్లపాముల జాతికి బంగారస్ అను శాస్త్రీయ నామము ఏర్పడినది.

చేపల విషయమునను ఆయన ఇదే పద్ధతిని అవలంబించెను. సముద్రమును ఎరిగినవారు జాలరులు. అందుచే చేపలకు వారు వాడు పేర్లనే ఆయన ఆంగ్లలిపిలో వ్రాసికొనెను. నీటినుండి తీసిన చేప రంగు త్వరలోనే వెలిసిపోవును గదా! కనుక దేశీయ చిత్రకారునిచే బొమ్మలు వ్రాయించి, రెక్కల ముండ్లను, పొలుసులను, దంతములను పరిశీలించి వివరములు చేర్చెను. 1789లో ఆయన స్వదేశమునకు మరలెను. రెండువందల చేపల వర్ణనలతో, చిత్రములతో కూడిన గ్రంథము 1803లో రెండు సంపుటములుగా లండనులో వెలువడెను. పండుమీను వంటి తెలుగు పేర్లు అందు దర్శనమిచ్చును. జెల్లో అను పేరు నేటికిని ఒక చేప శాస్త్రీయ నామములో నిలిచియున్నది.

ఆ గ్రంథమందు కుండింగ యను చేప కలదు. ఆంగ్లమున దీనిని టార్పన్ అందురు. పెద్ద కన్నులు, వెండి పొలుసులు, వెన్నురెక్క చివర దారమువలె సాగిన భాగము దీని గుర్తులు. హామిల్టన్ అను శాస్త్రజ్ఞుడు 1822లో ఈ చేపకు పెట్టిన పేరులో కుండింగ యను మాటయే యున్నది. తరువాతి పరిశోధకులు దీని జీవితమును మరింత తెలిసికొనిరి. ఇది సముద్రమున గ్రుడ్లు పెట్టును. పిల్ల మొదట పారదర్శకమైన నాడావలె నుండును. పిదప అది ఉప్పుటేరులలోనికి, మడుగులలోనికి చేరి పెరుగును. అట్టి నిలువ నీటిలో ప్రాణవాయువు తగ్గినపుడు ఈ చేప నీటిపైకి వచ్చి గాలిని మ్రింగును. గొంతుతో కలిసియున్న గాలితిత్తి దీనికి ఊపిరితిత్తివలె ఉపకరించును. కావున సముద్రము, ఉప్పుటేరు రెండును బాగుండిననే దీని బ్రదుకు సాగును. ఏటి ముఖము పూడినను, నీరు కలుషితమైనను పిల్లలు పెరుగు చోటు నశించును.

రస్సెల్ 1805లో లండనులో మరణించెను. ఆయన వివాహమాడలేదు. కాని ఆయన గ్రంథములు ఆయన పేరును నిలిపినవి. పరదేశమునుండి వచ్చిన పండితుడయ్యును, ఆయన చదువురాని జాలరి చెప్పిన మాటను చులకన చేయలేదు. ఆ మాటను వినయముతో వినుటచేతనే మన తీరపు చేపల తెలుగు పేర్లు ప్రపంచ శాస్త్రగ్రంథములలో స్థానము సంపాదించుకొన్నవి.