శ్వాసకోశ వ్యాధులపై ప్రయోగశాల పోరు సాగించిన తెలుగు శాస్త్రవేత్త డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

నందివెలుగు (తెనాలి): జ్వరము, దగ్గు, ఆయాసములతో మంచం పట్టిన రోగికి పెన్సిలిన్ సూది వేసినా గుణం కనిపించని రోజుల్లో, అటువంటి రోగులకు ఉపకరించే మందును లోకానికి అందించిన పరిశోధక బృందానికి సారథ్యం వహించిన వ్యక్తి మన గోదావరి తీరవాసి. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల పల్లెల్లో ఒక తరం వారికి టెట్రాసైక్లిన్ గొట్టాలు తెలియనివి కావు. నందివెలుగు వంటి గ్రామాలలో ఆ మాత్ర మింగి లేచి తిరిగిన పెద్దలలో ఎందరికి ఆ మందు వంశానికి మూలపురుషుడైన ఆరియోమైసిన్ వెనుక ఒక తెలుగువాడు ఉన్నాడని తెలుసు?

సుబ్బారావు 1895 జనవరి 12న నేటి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యం వల్ల ముందుగానే ఉద్యోగ విరమణ చేయడంతో కుటుంబం ఇబ్బందుల పాలయింది. చదువు మీద బాల సుబ్బారావుకు మొదట అంత శ్రద్ధ లేదు. పదమూడేళ్ల ప్రాయంలో కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచి బయలుదేరగా, తల్లి వెనక్కి రప్పించి మళ్లీ బడిలో వేసింది. రాజమండ్రిలో చదువు సాగక, చివరకు మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగిసే నాటికి ఆయన మనసు రామకృష్ణ మిషన్ వైపు మళ్లింది. సన్యాసం కన్నా వైద్యవిద్య ద్వారా సేవ చేయడం మేలన్న సలహా అక్కడే లభించడంతో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. మిత్రులు కొంత, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి కొంత చదువు ఖర్చు భరించారు.

వైద్య విద్యార్థిగా ఉన్న ఆ సంవత్సరాలు దేశానికి గడ్డుకాలం. 1918లో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి దేశంలో కోటికి పైగా ప్రాణాలను బలిగొన్నది. ఆ వ్యాధికి కారణం ఒక బాక్టీరియా అని నాటి వైద్యులు భావించేవారు. అసలు కారణం వైరస్ అని రుజువు కావడానికి 1933 వరకు ఆగవలసి వచ్చింది. లండన్ శాస్త్రవేత్తలు రోగుల గొంతు కడిగిన నీటిని ఫెరెట్ అనే ముంగిసవంటి జంతువు ముక్కులో వేసి, దానికి జ్వరం రప్పించి ఆ వైరస్‌ను పట్టుకున్నారు. సుబ్బారావు ఇంట మాత్రం మృత్యువు మరో రూపంలో వచ్చింది. స్ప్రూ అనే అతిసార వ్యాధి ఆయన సోదరులిద్దరినీ కొద్ది రోజుల వ్యవధిలోనే తీసుకుపోయింది. చేతిలో వైద్యవిద్య ఉండి కూడా ఏమీ చేయలేకపోయిన బాధ ఆయనను పరిశోధన వైపు మళ్లించిందని జీవిత చరిత్రకారులు అభిప్రాయపడతారు.

గాంధీజీ పిలుపు మేరకు సుబ్బారావు శస్త్రచికిత్స గదిలోనూ ఖద్దరు దుస్తులే ధరించేవారు. శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్ దీనిని సహించలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. బదులు దాని కన్నా తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో ఆయన సరిపెట్టుకోవలసి వచ్చింది. ప్రభుత్వ వైద్య సర్వీసులో చోటు దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించారు. కాకినాడకు చెందిన మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు చేసిన ఆర్థిక సాయంతో 1920ల తొలినాళ్లలో అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. భార్య శేషగిరిని పుట్టింట విడిచి వెళ్లిన సుబ్బారావు తిరిగి ఆమెను చూడలేదు. పుట్టిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. ఈ విషయాన్ని ఆయనపై వెలువడే వ్యాసాలలో ఒక వాక్యంతో సరిపెట్టడం రివాజు. భీమవరం నుంచి బోస్టన్ వరకు సాగిన ఆ ప్రస్థానానికి ఎక్కువ మూల్యం చెల్లించినది ఆ ఇల్లాలే అనడంలో సందేహం లేదు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందిన సుబ్బారావు, పొట్టపోసుకోవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట చిన్నచిన్న పనులు చేశారు. పిమ్మట సైరస్ ఫిస్క్ ప్రయోగశాలలో చేరి రక్తంలోను మూత్రంలోను భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. 1925లో వెలువడిన ఆ పద్ధతి ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా జీవరసాయన శాస్త్ర విద్యార్థులందరికీ పరిచితం. ఆ కొలబద్ద చేతికి వచ్చిన తరువాతనే కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్ 1927లోను, కణాలకు శక్తినిచ్చే ఏటీపీ 1929లోను బయటపడ్డాయి. ఏటీపీని అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడా కనుగొన్నారు. 1930లో సుబ్బారావుకు పీహెచ్.డి. లభించింది. స్థిరమైన ఆచార్య పదవి మాత్రం హార్వర్డ్ ఇవ్వలేదు.

అదే బోస్టన్‌లో, అదే దశాబ్దంలో, విలియం ఫర్త్ వెల్స్ అనే మరో పరిశోధకుడు గదిలోని గాలిని పరీక్షించడం ఎలా అన్న ప్రశ్నతో కుస్తీ పడుతున్నాడు. దగ్గినపుడు, తుమ్మినపుడు వెలువడే తుంపరలలో పెద్దవి నేల రాలుతాయని, చిన్నవి క్షణాలలో ఆరిపోయి, సూక్ష్మకణాలై, గది గాలిలో చాలాసేపు తేలుతూ ఉంటాయని ఆయన 1934లో వివరించారు. గాలిని గిర్రున తిప్పి అందులోని సూక్ష్మజీవులను పట్టే యంత్రాన్ని సైతం తయారు చేశారు. ఆనాడు ఆ మాటను పట్టించుకున్నవారు తక్కువ. కోవిడ్ కాలంలో హైదరాబాదులోని సీసీఎంబీ, చండీగఢ్‌లోని ఇమ్‌టెక్ శాస్త్రవేత్తలు ఆస్పత్రులలోను, రోగులున్న ఇళ్లలోను గాలి నమూనాలు సేకరించి ఆర్టీపీసీఆర్ పరీక్ష జరిపి, 2022లో ఫలితాలు ప్రచురించారు. గదిలో రోగుల సంఖ్య పెరిగిన కొద్దీ గాలిలో వైరస్ దొరికే అవకాశం పెరిగినట్లు అందులో వెల్లడైంది. వెల్స్ వేసిన ప్రశ్నకు దాదాపు తొమ్మిది దశాబ్దాల తరువాత మన ఇళ్లలో దొరికిన సమాధానమిది.

సుబ్బారావు 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో గల లెడర్లీ ప్రయోగశాలలో చేరి, అనతికాలంలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఆయన జీవితంలో ఫలవంతమైన ఘట్టం ఈ ఎనిమిదేళ్లే. రసాయన శాస్త్రజ్ఞులు, వృక్షశాస్త్రజ్ఞులు, వైరస్ పరిశోధకులు, వైద్యులు ఒకే కప్పు కింద పనిచేసేలా ఆయన బృందాలను తీర్చారు. డెబ్బై ఏళ్లు దాటి విశ్వవిద్యాలయం నుంచి పదవీ విరమణ చేసిన బెంజమిన్ డగ్గర్ ఈ ప్రయోగశాలకు వచ్చి, పలు ప్రాంతాల మట్టి నమూనాలను పరీక్షించసాగారు. మిస్సోరీ విశ్వవిద్యాలయ వ్యవసాయ క్షేత్రం మట్టిలో 1945లో దొరికిన బంగారు రంగు సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ పుట్టింది.

ఆ మందు దేని మీద పనిచేస్తుందో తేల్చవలసిన బాధ్యత హెరాల్డ్ కాక్స్ విభాగానిది. కాక్స్ అప్పటికే కోడిగుడ్డు పచ్చసొనలో రికెట్సియా సూక్ష్మజీవులను పెంచే విధానాన్ని కనిపెట్టి పేరు గడించిన వ్యక్తి. వైరస్‌ను గుర్తించడం నాడు నేటి వలె గంటలలో తేలే వ్యవహారం కాదు. రోగి కఫాన్ని పొదిగే గుడ్డులోకి సూదితో ఎక్కించాలి. రోజుల తరబడి వేచి చూడాలి. లోపలి పిండం చనిపోతే ఆ పొరలను గాజుపలక మీద పరచి సూక్ష్మదర్శినిలో వెదకాలి. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ ఉన్న గుడ్డు ద్రవం కోడి ఎర్ర రక్తకణాలను గుంపుగా పేరుస్తుందని 1941లో హర్‌స్ట్ గమనించిన తరువాతనే ఆ పని కొంత సులువైంది. ఈ పరిశోధనలలో ప్రాణభయమూ లేకపోలేదు. 1940లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ భవనంలో క్యూ జ్వరం సూక్ష్మజీవి మీద పని జరుగుతుండగా, అదే భవనంలోని పలువురు జబ్బుపడ్డారు. గాలి ద్వారా సోకడమే కారణమని భావించారు.

గుడ్లలోను, ఎలుకలలోను జరిపిన పరీక్షలలో చిలుక జ్వరం సూక్ష్మజీవిని ఆరియోమైసిన్ అణచగలదని తేలింది. ఈ చిలుక జ్వరం 1929-30లో అమెరికా, ఐరోపా దేశాలను గడగడలాడించింది. పెంపుడు చిలుకల ఎండిన రెట్ట ధూళిగా ఇంటి గాలిలో కలిసి, కుటుంబ సభ్యులకు తీవ్రమైన న్యుమోనియా తెచ్చేది. పెన్సిలిన్‌కు లొంగని మరో వ్యాధి కూడా ఉండేది. దానిని వైద్యులు వైరస్ న్యుమోనియా అని వ్యవహరించేవారు. ఆ రోగులు సైతం ఈ మందుతో కోలుకున్నారు.

పాత్రికేయ మిత్రులు ఇక్కడ ఒక విషయం గమనించగోరుతున్నాము. సుబ్బారావు వైరస్‌లను చంపే మందు కనుగొన్నారని కొన్ని వ్యాసాలలో కనిపిస్తూ ఉంటుంది. అది సరికాదు. చిలుక జ్వరం సూక్ష్మజీవి నిజానికి ఒక జాతి బాక్టీరియా అని పిదప స్పష్టమైంది. వైరస్ న్యుమోనియాగా పేరుపడిన వ్యాధికి కారణం మైకోప్లాస్మా అనే, కణకవచం లేని సూక్ష్మజీవి అని 1962లో తేలింది. నిజమైన వైరస్ వ్యాధులైన ఇన్‌ఫ్లుయెంజా, జలుబుల మీద ఆరియోమైసిన్ గాని, దాని సంతతి మందులు గాని పనిచేయవు. సాధారణ జలుబుకు సైతం యాంటీబయాటిక్ అడిగే అలవాటు మన గ్రామాలలో ఉన్నది కనుక ఈ తేడాను స్పష్టంగా వ్రాయడం అవసరం. అదే విధంగా, ఆరియోమైసిన్‌ను మట్టిలో గుర్తించినది డగ్గర్. ఆ అన్వేషణకు వనరులు సమకూర్చి, దిశ చూపి, ఫలితాన్ని మందుగా మలచే యంత్రాంగాన్ని నడిపినది సుబ్బారావు. ఈ మాట చెప్పినందువల్ల ఆయన కీర్తికి వచ్చే లోటేమీ లేదు.

సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధిని ఆయన మరువలేదు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. గర్భిణులలో రక్తహీనతను తగ్గించే ఏదో పదార్థం ఈస్టులో ఉన్నదని 1931లో బొంబాయిలో లూసీ విల్స్ సూచించిన నాటి నుంచి సాగిన అన్వేషణకు అది ముగింపు. స్ప్రూ రోగులకు ఆ విటమిన్ మేలు చేసింది. దానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్‌ను సైతం అదే బృందం తయారు చేయగా, బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త కాన్సర్ సోకిన 16 మంది పిల్లలకు ఇచ్చారు. వారిలో 10 మందికి తాత్కాలికంగా ఉపశమనం లభించినట్లు 1948లో ప్రకటించారు. నేడు కాన్సర్ ఆస్పత్రులలో వాడే మెథోట్రెక్సేట్ ఆ కోవకు చెందినదే. 1947లో వెలువడిన హెట్రజాన్ మందు కృష్ణా డెల్టా వాసులకు మరింత సన్నిహితం. బోదకాలు నివారణకు 2004 నుంచి జాతీయ స్థాయిలో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర అదే.

ఆరియోమైసిన్ ఫలితాలను 1948 జూలైలో న్యూయార్క్ సైన్సు అకాడమీ సభలో వెల్లడించారు. ఆ తరువాత కొద్ది వారాలకే, ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు. వయస్సు 53 సంవత్సరాలు. అమెరికా పౌరసత్వం ఆయన స్వీకరించలేదు. ఆ ఏడాది డిసెంబరులో మందు విక్రయానికి అనుమతి వచ్చింది. ఆరియోమైసిన్ నుంచి 1950లలో టెట్రాసైక్లిన్ వచ్చింది. 1994లో సూరత్‌లో ప్లేగు భయం వ్యాపించి జనం నగరం విడిచి పారిపోతున్నపుడు, వైద్య సిబ్బంది విస్తృతంగా పంపిణీ చేసినది ఆ టెట్రాసైక్లిన్ మాత్రలనే.

ఆయన పేరిట ఒక శిలీంధ్ర ప్రజాతికి 1953లో సుబ్బరోమైసిస్ అని నామకరణం జరిగింది. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ స్మారక బిళ్ల విడుదల చేసింది.