డేరా నుంచి గెయిటీ దాకా రఘుపతి వెంకయ్య

కలికిరి, వాయల్పాడు, పీలేరు ప్రాంతాల పెద్దలకు డేరా సినిమా అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. వానలు లేని నెలల్లో ఊరి పక్క బీడులో గుడారం లేచేది. పగలంతా ఎద్దుల బండికి రెండు వైపులా తడికెలు కట్టి, వాటికి రంగుల వాల్‌పోస్టర్లు అంటించి, తప్పెట కొట్టుకుంటూ పల్లెపల్లెకూ తిప్పేవారు. బండి మీది మనిషి పలచని రంగు కాగితం నోటీసులు విసిరితే పిల్లలు దుమ్ములో పడి ఏరుకునేవారు. పొద్దు గూకే వేళ ఇంజను చప్పుడు, మైకులో పాట వినిపిస్తే ఆట ఉందన్నమాట. నేల, బెంచీ, కుర్చీ... ఇవే తరగతులు. కొన్నాళ్లు ఆడి డేరా మరో ఊరికి కదిలేది. పక్కా హాళ్లు, ఆ తర్వాత వీడియో, టీవీ వచ్చాక డేరాలు కనుమరుగయ్యాయి.

ఆ నోటీసులను, పోస్టర్లను ఇవాళ నగరాల్లో కొందరు వెతికి వెతికి కొంటున్నారు. మనం మాత్రం వాటితో బడిపుస్తకాలకు అట్టలు వేసుకున్నాం, పొట్లాలు కట్టుకున్నాం, మిగిలినవి పాత కాగితాల వాడికి తూకానికి వేశాం. ఆట ముగిసిన మర్నాడు ఆ కాగితంతో ఎవరికి మాత్రం పని? అయితే ఈ కదిలే బొమ్మల ఆటను నమ్ముకుని ఉన్నదంతా ఒడ్డిన ఒక తెలుగు పెద్దమనిషి చరిత్ర తెలిస్తే ఆ కాగితం విలువ వేరుగా కనిపిస్తుంది. ఆయన శ్రీ రఘుపతి వెంకయ్య నాయుడు.

వెంకయ్య 1869లో మచిలీపట్నంలో పుట్టారు. పదిహేడేళ్ల ప్రాయంలో మద్రాసు చేరారు. బొమ్మలు వేయడంలో నేర్పరి, ఫొటోలు తీయడం పట్టుబడింది. మౌంట్ రోడ్డులో స్టూడియో పెట్టి నిలదొక్కుకున్నారు. అంతటితో తృప్తిపడి ఉంటే పేరున్న ఫొటోగ్రాఫరుగా సుఖంగా బతికేవారు.

1909 ప్రాంతంలో ఫ్రాన్సు దేశపు గోమాన్ కంపెనీ తయారుచేసిన క్రోనో మెగాఫోను అనే యంత్రం ఆయన మనసును పట్టుకుంది. తెర మీద బొమ్మ ఆడుతుంటే పక్కన గ్రామఫోను రికార్డు దానికి జతగా తిరుగుతుంది. రికార్డు గొంతు హాలంతా వినబడేందుకు గాలిని ఒత్తిడితో పంపే ఏర్పాటు ఉంటుంది. ఒక్కో బొమ్మ నిడివి రికార్డు ఆడినంత సేపే, అంటే కొద్ది నిమిషాలే. మన దేశంలో టాకీ రావడానికి ఇరవై ఏళ్ల ముందు మాట ఇది! ఆ యంత్రం కోసం వెంకయ్య స్టూడియోను తాకట్టు పెట్టి ముప్పై వేల రూపాయలు తెచ్చారంటారు. ఆ రోజుల్లో అది సామాన్యమైన మొత్తం కాదు.

1910లో మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో ఆట మొదలైంది. తర్వాత యంత్రాన్ని వెంటబెట్టుకుని బెంగుళూరు, తెలుగు జిల్లాలు, సింహళం, బర్మా తిరిగారు. మన పక్క మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లా నుంచి విడిపోయి 1911లో కొత్తగా ఏర్పడిన చిత్తూరు జిల్లాలో చేరిన కాలమది. డేరా ఆటకు వెంకయ్యే ఆద్యుడని అనలేం. తిరుచ్చి రైల్వే ఆఫీసులో గుమాస్తాగా ఉన్న సామికన్ను విన్సెంట్ 1905లోనే యంత్రం కొని గుడారంతో దక్షిణాదంతా తిరిగారు. కాని ఊరికి కొత్తగా వచ్చి, పది రోజుల్లో వెళ్లిపోయే ఆటకు జనాన్ని రప్పించడం ఎవరికైనా ఒకటే కష్టం. హాలుకు చిరునామా ఉంటుంది, డేరాకు నోటీసే చిరునామా. అందుకే ఆ వ్యాపారంలో అచ్చుయంత్రానికీ, తప్పెటకూ అంత గిరాకీ.

వెంకయ్య 1912లో మద్రాసుకు తిరిగివచ్చి ఎస్ప్లనేడులో గుడారం వేశారు. 1914లో మౌంట్ రోడ్డు దగ్గర గెయిటీ థియేటరు కట్టారు. మద్రాసులో భారతీయుడు కట్టిన మొదటి సినిమా హాలు అదే. ఆ వెనుకే మింట్ వీధిలో క్రౌను, పురసవాకంలో గ్లోబు లేచాయి. డేరా మనిషి మూడు హాళ్ల యజమాని అయ్యారు.

అక్కడా ఆగలేదు. పరాయి దేశపు బొమ్మలు తెచ్చి ఆడించడం కన్నా మన కథలు మనమే తీయాలన్న పట్టుదల పుట్టింది. కొడుకు ప్రకాశ్‌ను విద్య నేర్చుకు రమ్మని సీమకు పంపారు. అతను తిరిగివచ్చాక పురసవాకంలో ఎండ వెలుగు లోపలికి పడేలా అద్దాల స్టూడియో కట్టి, స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అనే పేరుతో కంపెనీ పెట్టారు. 1921లో వచ్చిన భీష్మ ప్రతిజ్ఞ ఆ కంపెనీదే. ప్రకాశ్ దర్శకుడు, భీష్ముడూ ఆయనే. గంగ వేషం వేసింది పెగ్గీ కాస్టెల్లో. మద్రాసులో అంతకుముందే నటరాజ మొదలియారు కీచకవధ తీసి ఉన్నా, తెలుగువారు తమ మొదటి మూకీగా చెప్పుకునేది భీష్మ ప్రతిజ్ఞనే. ప్రకాశ్ దగ్గర పని నేర్చిన సి. పుల్లయ్య, వై.వి. రావు తర్వాత పెద్ద దర్శకులయ్యారు.

స్టూడియో మాత్రం డబ్బు తిన్నదే గాని తిరిగి ఇవ్వలేదు. అప్పులు పెరిగాయి. కష్టపడి కట్టిన హాళ్లు ఒకటొకటిగా చేయి దాటాయి. వ్యాపారంగా చూస్తే కొడుకు సినిమాల్లోకి అంత డబ్బు దించడం తొందరపాటే అనాలి. కాని గెయిటీ రాబడితో కాలు మీద కాలు వేసుకుని కూర్చునే మనిషైతే ముందు స్టూడియోనే తాకట్టు పెట్టి ఉండేవారు కారు. 1941 మార్చి 15న ఆయన కన్నుమూశారు. అప్పటికి తెలుగు టాకీకి పదేళ్లు నిండవస్తున్నాయి.

1980 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సినిమారంగ ప్రముఖులకు ఇస్తూ వచ్చిన రఘుపతి వెంకయ్య అవార్డు ఆయన పేరు మీదిదే. మొదట అందుకున్నవారు ఎల్.వి. ప్రసాద్. భీష్మ ప్రతిజ్ఞ ఫిల్ము ఒక్క ప్రతి కూడా మిగలలేదు. మౌంట్ రోడ్డు పక్కన తొంభై ఏళ్ల పాటు నిలిచిన గెయిటీని సైతం పడగొట్టి ఆ స్థలంలో మరో కట్టడం కట్టారు. ఆనాటి ఆటల గురించి ఏ కాస్తయినా తెలియాలంటే పాత పత్రికల ప్రకటనలు, ఎవరి ట్రంకుపెట్టెలోనో అడుగున పడి ఉన్న నోటీసులే దిక్కు.