వెలుగు కంటే ముందు ధ్వని: సి.వి. రామన్ జీవితంలో మనం మరచిన భాగం

సర్ సి.వి. రామన్ అంటే మన పిల్లలకు తెలిసింది ఫిబ్రవరి 28 సైన్సు దినం, నోబెల్ బహుమతి. కాంతిలో పేరు రాకముందు ఆయన ఎన్నో ఏళ్లు ధ్వని వెంట తిరిగారు. వల్లూరు నుంచి పావగడ దాకా ఏ కల్యాణ మంటపంలోనైనా, మైకు మాట అర్థంకాక వెనక వరుసలో విసుక్కునే మనవాళ్లకు ఆ భాగమే దగ్గరిదని మా అభిప్రాయం.

1888లో తిరుచిరాపల్లిలో తమిళ కుటుంబంలో పుట్టినా, రామన్ పెరిగింది విశాఖపట్నంలో. తండ్రి చంద్రశేఖరన్ అయ్యర్ అక్కడి ఎ.వి.ఎన్. కాలేజీలో అధ్యాపకులు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువు ముగించి, 1907లో కలకత్తాలో ఆర్థిక శాఖ ఉద్యోగంలో చేరారు. ఆఫీసుకు ముందూ తర్వాతా ప్రయోగశాలే. వయొలిన్, వీణ, మృదంగం ఎందుకలా పలుకుతాయో అక్కడ శోధించారు. 1917లో మంచి జీతం వదులుకొని ప్రొఫెసరయ్యారు.

1921లో లండన్ వెళ్లినప్పుడు సెయింట్ పాల్స్ చర్చి గుమ్మటం కింద, ఈ గోడ దగ్గర గుసగుసలాడితే ఆ గోడ దగ్గర వినబడే వింతను పరీక్షించారు. గోడ నుంచి జరిగేకొద్దీ ధ్వని సాఫీగా తగ్గిపోక, పెరుగుతూ తగ్గుతూ ఉందని గమనించారు. తిరిగొచ్చాక మన కర్ణాటకలోని విజయపుర గోల్ గుంబజ్‌నూ పరిశీలించారు. 1656లో పూర్తయిన ఆ కట్టడంలో గుసగుస గోడ వెంబడి దాదాపు 38 మీటర్ల అవతలికి స్పష్టంగా చేరుతుంది. అదే చోట గట్టిగా అరిస్తే మాత్రం మాట మీద మాట పడి అంతా గోలే.

మన హాళ్లలో జరిగేదీ ఇదే. నున్నటి గోడలకూ రేకులకూ తగిలి తిరిగొచ్చే శబ్దం, ముందు అక్షరం తోకగా మిగిలి తర్వాతి అక్షరాన్ని కప్పేస్తుంది. అచ్చులు బలంగా ఉండి నిలుస్తాయి. క, త, ప లాంటి బలహీనమైన హల్లులు మునిగిపోతాయి. మైకు సౌండు పెంచితే తోక కూడా పెరుగుతుంది. పాపం, పెద్దవాళ్లు తమ చెవులనే తిట్టుకుంటారు! అమెరికాలో హార్వర్డ్ ప్రొఫెసర్ వాలెస్ సెబైన్ 1895లో ఇలాంటి లెక్చర్ హాలులోనే సీటు దిండ్లు పరిచి, మెత్తని వస్తువులు ప్రతిధ్వనిని ఎంత పీల్చుకుంటాయో కొలిచారు.

ఇప్పుడు ఆ పనిలో కొంత లెక్కలతో చేస్తున్నారు. రెండు మూడు మైకులకు శబ్దం చేరే వేళల్లోని తేడాను బట్టి మాట వచ్చే దిక్కును పట్టుకుంటారు, మిగిలిన తోకను అంచనా వేసి తగ్గిస్తారు. వినికిడి యంత్రాల్లో, ఫోన్లలో ఇలాంటి పద్ధతులు ఉన్నాయి. అయినా హాలుకు పరదాలు కట్టడమే ముందు చేయాల్సిన పని అంటాం మేము.

రామన్ 1930లో నోబెల్ అందుకున్నారు. 1933లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరుగా వచ్చి, 1948లో అక్కడే సొంత పరిశోధనా సంస్థ పెట్టుకున్నారు. 1970 నవంబర్ 21న కన్నుమూశారు. ఆ సంస్థ తోటలోనే ఆయన్ను దహనం చేసి, ఆ చోట ఒక చెట్టు నాటారు.