కాటుక రేకుల పొడ

ఆటోనగరు యంత్రశాలలును నేటి ఓడరేవును లేని కాలమున, 1782లో, విశాఖపట్టణమునకు ఒక స్కాట్లండు వైద్యుడు వచ్చెను. ఆయన పాట్రిక్ రస్సెల్. సిరియాలోని అలెప్పోలో ప్లేగు రోగులకు చికిత్స చేసినవాడు. కంపెనీ కొలువున ఇచట అధికారియైన సోదరుడు క్లాడునకు తోడుగా వచ్చెను. అయితే ఆయన చూపు నిలిచినది ఈ నేలమీది చెట్లపైన, చేపలపైన, పాములపైన. 1785లో కంపెనీ ఆయనను ప్రకృతి శాస్త్రజ్ఞునిగా నియమించెను.

పాము కరచినపుడు మొదట తెలియవలసినది అది విషసర్పమా, కాదా యని. ఆ భేదమును గుర్తించు మార్గమును రస్సెల్ వెదకెను. కోరలను పరిశీలించెను. కోళ్లకును కుక్కలకును కాటు వేయించి చూచెను. పాపము, ఆ మూగజీవముల బాధ నేటి చదువరికి మింగుడుపడదు. విరుగుడని పేరొందిన తంజావూరు మాత్రలను సైతము పరీక్షకు పెట్టెను.

1796లో వెలువడిన ఆయన సర్పగ్రంథమున మనకు ముచ్చట గొలుపునది వేరొకటి. పాములకు ఇచటి జనులు పెట్టుకొన్న తెలుగు పేర్లను ఆయన పదిలముగా వ్రాసికొనెను. కాటుక రేకుల పొడ అందలిదే. మనము రక్తపింజర యను ఆ పామునే లోకము నేడు రస్సెల్ పేరుతో పిలుచుచున్నది. కట్లపాముల ప్రజాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన బంగారస్ అను నామమున నున్నదియు మన బంగారమే.

1789లో ఆయన స్వదేశమునకు మరలెను. విశాఖ తీరమున సేకరించిన 200 చేపల గ్రంథము 1803లో అచ్చయ్యెను. 1805లో లండనున కన్నుమూసెను.