బాతుల కథకుడు కార్ల్ బార్క్స్

నావికుని చొక్కా తొడుగుకొని చీటికిమాటికి కోపగించు డొనాల్డ్ డక్ అను బాతు 1934లో వాల్ట్ డిస్నీ చలనచిత్రములలో పుట్టినది. దానిని పుట్టించినవాడు కార్ల్ బార్క్స్ కాడు. కాని బొమ్మల కథల పుస్తకములలో ఆ బాతునకు ఒక ఊరును, చుట్టపక్కములను, దేశదేశముల సాహసయాత్రలను కల్పించి, పొరుగింటి మనుష్యునివలె బ్రతికించినవాడు ఆయనయే. ఇంత చేసినవాని పేరు ఏండ్ల తరబడి చదువరులకు తెలియకపోయెను.

బార్క్స్ 1901 మార్చి 27వ తేదీన అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున, మెరిల్ అను చిన్న ఊరి చేరువ, సేద్యము చేయు కుటుంబమున జన్మించెను. ఇరుగుపొరుగు ఇండ్లు దూరము; ఆటలకు తోడు కరవు. తట్టు సోకిన పిదప వినికిడి క్రమముగా తగ్గెను. 1916లో తల్లి మరణించెను. ఉపాధ్యాయుని మాట వినబడని బాలునకు ఎనిమిదవ తరగతితోనే చదువు ముగిసెను. తరువాత పొలము పనులు చేసెను, కట్టెలు కొట్టెను, కంచరగాడిదలను తోలెను, అచ్చుకూటమున పనిచేసెను. ఎందులోను నిలదొక్కుకొనలేదు. ఐనను ఆ పనులలో తారసపడిన మనుష్యుల తిక్కలును, ఛలోక్తులును తరువాత ఆయనకు మూలధనమాయెను. డొనాల్డు సైతము కథకొక కొలువు పట్టి పోగొట్టుకొనుచుండుట ఊరక వచ్చినది కాదు.

1935లో వారమునకు 20 డాలర్ల జీతముపై డిస్నీ చిత్రశాలలో చేరెను. యంత్రపు మంగలికుర్చీ డొనాల్డును తలక్రిందులు చేసి, తోకను తలయనుకొని క్షౌరము చేయు ఘట్టమొకటి కల్పించుటతో ఆయనను కథల శాఖకు మార్చిరి. 1942లో ఆ కొలువును వదలి, కోళ్ళను పెంచి బ్రతుకదలచెను. తుదకు కూడు పెట్టినవి కోళ్ళు కావు, బాతులే! 1943 మొదలు నెలనెల పది పుటల డొనాల్డు కథను గీయసాగెను.

1947లో స్క్రూజ్ మక్‌డక్ అను పిసినారి మామను కల్పించెను. చెప్పులకు మెరుగు పెట్టి సంపాదించిన తొలి నాణెమును ప్రాణమువలె దాచుకొని, ధనరాశిలో మునిగి యీదులాడు ఆ ముసలి బాతు అందరి మనస్సులను దోచెను. నిధులకై ఆయన వెంట డొనాల్డును, ముగ్గురు పిల్లలును కొండలు, ఎడారులు దాటుదురు. ఆపదలో ఆ పిల్లలు బాలచరుల చిన్న గ్రంథమును విప్పి ఉపాయము కనుగొందురు. 1949 నాటి ఒక కథలో నలుచదరపు గ్రుడ్లను వెదకుచు ఆండీస్ పర్వతముల కేగుదురు. ఆ దేశములను బార్క్స్ కన్నులార చూచి గీయలేదు. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలోని ఛాయాచిత్రములే ఆయనకు దారి చూపెను. ఏబదియేండ్ల ప్రాయమున రెండవ వివాహము విచ్ఛిన్నమై ఇల్లు విడిచినప్పుడు, బట్టలు, రెండు దుప్పట్లు, గీయు బల్ల, ఆ పత్రిక సంచికలు మాత్రమే వెంట తెచ్చుకొనెను. కోట్లకు పడగలెత్తిన స్క్రూజు పేరిట ప్రత్యేక పుస్తకము 1952లో మొదలైనది. దానిని గీసినవాని చేత చిల్లిగవ్వ లేని దినములవి. 1954లో పెండ్లాడిన గారె స్వయముగా చిత్రకారిణి. కథలలోని అక్షరములు వ్రాయుటలో, వెనుకటి దృశ్యములు దిద్దుటలో ఆమె తోడ్పడెను.

డొనాల్డు కథలు వచ్చు మాసపత్రిక 1953 నాటికి నెలకు 30 లక్షల ప్రతులకు మించి అమ్ముడుపోయెను. అట్టపై డిస్నీ పేరు మాత్రమే కనబడును. బార్క్స్‌కు ముట్టినది పుటకింత అను కూలియే. అమ్మకములలో వాటా లేదు. కాని పిల్లల కన్ను మోసపోలేదు. గీత తీరును బట్టి, హాస్యమును బట్టి ఆయన కథలను తక్కినవారి కథలనుండి వేరు చేసి, పేరెరుగక ఆయనను మంచి బాతుల చిత్రకారుడని పిలుచుకొనిరి. 1960లో చిరునామా ఎట్లో సంపాదించి ఒక పాఠకుడు ఉత్తరము వ్రాయగా, ఎవరో పరిహాసమాడుచున్నారని బార్క్స్ శంకించెను. అప్పటికి ఆయన వయస్సు 59 ఏండ్లు.

1966లో పని విరమించి, తరువాత అవే బాతులను తైలవర్ణములలో చిత్రించెను. 1983 నుండి ఆ కథలన్నియు ఆయన పేరిటనే 30 సంపుటములుగా వెలువడెను. 1994లో, 93వ యేట, ఐరోపాకు పోగా పిల్లలనాడు తనను చదివిన పెద్దలు గుంపులుగా చూడవచ్చిరి. 2000 ఆగస్టు 25వ తేదీన ఆరెగాన్‌లోనే, గ్రాంట్స్ పాస్ పట్టణమున, 99 ఏండ్ల వయస్సున మరణించెను.