వెలుగు గీతలు చదివిన మహనీయుడు – కొచ్చర్లకోట రంగధామరావు



ఫిజిక్స్‌లో పీజీ చేస్తున్నానని సోమలలో ఎవరికి చెప్పినా ఒకటే ప్రశ్న అడుగుతారు. ఆ చదువు దేనికి పనికొస్తుంది? మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. జవాబు చెప్పేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు. ఒక తెలుగు శాస్త్రవేత్త జీవితం చదివాక నాకు ఆ జవాబు దొరికింది.

ఆయన పేరు కొచ్చర్లకోట రంగధామరావు. 1898లో బరంపురంలో పుట్టారు. అప్పట్లో ఆ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోది, నేడు ఒడిశాలో ఉంది. విజయనగరం మహారాజా కళాశాలలో ఎ.ఎల్. నారాయణ్ గారితో కలిసి వర్ణపట పరిశోధన సాగించారు.

వర్ణపటం అంటే భయపడనక్కర్లేదు. పొయ్యి మంటలో ఉప్పు పడితే మంట పసుపుపచ్చగా వెలుగుతుంది. అది ఉప్పులోని సోడియం ఇచ్చే వెలుగు. బాగా వేడెక్కి ఆవిరైన ప్రతి మూలకమూ తనకే సొంతమైన వెలుగునిస్తుంది. ఆ వెలుగును విడదీస్తే సన్నటి గీతలు కనిపిస్తాయి. మనిషికి వేలిముద్ర ఎలాగో, మూలకానికి ఆ గీతలు అలాగ. జర్మనీలో బున్సెన్, కిర్కాఫ్ 1859, 1860 సంవత్సరాల్లో ఈ సంగతి నిరూపించారు. మన ల్యాబ్‌లోని బర్నర్ పేరు ఆ బున్సెన్‌దే.

రంగధామరావు గారు లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఎ. ఫౌలర్ అనే గొప్ప వర్ణపట శాస్త్రజ్ఞుడి దగ్గర పనిచేశారు. ఆర్సెనిక్, సెలీనియం వంటి మూలకాల గీతలను కొలిచారు. పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుంటే దాని గీతలు పూర్తిగా మారిపోతాయి. ఏ గీత ఏ స్థితిలోని పరమాణువుదో తేల్చడం ఎంతో ఓపికతో చేయాల్సిన పని. తిరిగివచ్చాక ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భౌతికశాస్త్ర విభాగాన్ని వర్ణపట పరిశోధనకు పేరుమోసిన చోటుగా తీర్చిదిద్దారు. 1926లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయానికి మొదటి ఉపాధ్యక్షుడు మన చిత్తూరు కట్టమంచిలో పుట్టిన సి.ఆర్. రెడ్డి గారే కావడం మనకు గర్వకారణం. వయసు యాభై దాటాక కూడా రంగధామరావు గారు అప్పుడే పుట్టిన న్యూక్లియర్ క్వాడ్రపోల్ రెజొనెన్స్ అనే కొత్త రంగంలో శిష్యులతో పరిశోధన చేయించారు. 1972లో కన్నుమూశారు.

ఇక ఈ గీతలు ఎవరికి పనికొచ్చాయి? పైలట్ శిక్షణకు వాడే చిన్న విమానాన్ని చూడండి. చాలావాటికి ఒక్కటే ఇంజన్. గాల్లో అది ఆగితే పక్కకు తీసి నిలిపే రోడ్డు లేదు. అందుకే ఆయిల్ మార్చినప్పుడు, వేడిగా ఉండగానే కొంచెం సీసాలో పట్టి ల్యాబ్‌కు పంపుతారు. అక్కడ దాన్ని విద్యుత్ ఆర్క్‌లో మండించి వెలుగు గీతలు చూస్తారు. పది లక్షల భాగాల్లో ఏ లోహం ఎన్ని భాగాలుందో లెక్క వస్తుంది. ఇనుము పెరిగితే సిలిండర్ గోడలు, క్యామ్ షాఫ్టు వంటివి అనుమానించాలి. అల్యూమినియం అయితే పిస్టన్, క్రోమియం అయితే రింగులు, రాగి అయితే బుష్‌లు. సిలికాన్ పెరిగితే ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము పోతోందేమో చూడాలి. సీసం ఎక్కువున్నా కంగారు పడరు. ఈ విమానాల పెట్రోల్లోనే చాలావరకు సీసం కలిసి ఉంటుంది.

ఒక్క రిపోర్టు చూసి తీర్పు చెప్పకూడదు. యాభై గంటలకోసారి తీసిన ఆయిల్‌లో ఇనుము వరుసగా 20, 22, 21 వచ్చి, ఈసారి 48 వచ్చిందనుకుందాం. ఆ ఎగబాకడమే హెచ్చరిక. ఇంకో ఇంజన్‌కు మొదటినుంచీ 40 ఉంటే అది దాని స్వభావం కావచ్చు. ఆయిల్ ఎన్ని గంటలు నడిచిందో తెలియకపోతే ఆ అంకెకు అర్థమే లేదు. పైగా ఈ పరీక్షకు సన్నటి రేణువులే అందుతాయి. పెద్ద ముక్కలు ఆయిల్ ఫిల్టర్‌లో చిక్కుతాయి కాబట్టి దాన్ని కోసి చూడాల్సిందే. రిపోర్టు బాగుందని ఫిల్టర్ చూడకపోతే ప్రాణం మీదికి రావచ్చు.

రంగధామరావు గారు విమాన ఇంజన్ల మీద పనిచేయలేదు. కానీ ఆ సీసాలోని నూనెను చదివే విద్యకు పునాది, ఆయనలాంటి వాళ్లు చీకటిగదుల్లో కూర్చుని ఒక్కొక్క గీతా కొలిచిన శ్రమే. ఆ రోజుల్లో ఆయన్నూ ఎవరో ఒకరు, ఇది దేనికి పనికొస్తుందని అడిగే ఉంటారు.

తమ్ముళ్లారా, మిమ్మల్నీ అడుగుతారు. జవాబు వెంటనే తోచకపోయినా పుస్తకం మూయకండి.